సొంత బోర్డా, సీనియర్ ఆఫీసా, ఉద్యోగమా: కొత్తగా కోటు వేసుకున్నవాళ్లకు

పోయిన నెల మా కోర్టు క్యాంటీన్ దగ్గర ఒక అమ్మాయి ఆపి అడిగింది. మూడేళ్ల లా పూర్తిచేసి, బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అయి ఎనిమిది నెలలైందట. హైదరాబాదులో రెండు కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చింది, మళ్లీ కబురు లేదు. ఇక్కడ ఒక సీనియర్ రమ్మన్నారు గాని డబ్బు మాట ఎత్తలేదు. వాళ్ల నాన్న వీధి గది ఖాళీ చేసి సున్నం కూడా వేయించి "బోర్డు పెట్టమ్మా, చూద్దాం" అంటున్నారట. "ఏం చేయమంటారు మేడమ్?" అంది. అప్పుడే నా వాయిదా పిలిచారు, లోపలికి పరుగెత్తాను. ఆ పిల్లకు చెప్పాల్సినదంతా ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. అలాంటి పిల్లలు ప్రతి బార్ అసోసియేషన్‌లోనూ ఉన్నారు.

నేను తెనాలిలో పదమూడేళ్లుగా సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నాను. అంతకుముందు రెండున్నరేళ్లు హైదరాబాదులో జూనియర్‌ని. మా ఇంట్లో నాకంటే ముందు లాయరంటూ ఎవరూ లేరు. కాబట్టి తండ్రి ఆఫీసులోనే కుర్చీ సిద్ధంగా ఉన్నవాళ్ల కోసం కాదు ఇది. కోర్టు మెట్లెక్కేటప్పుడు పలకరించే మనిషి ఒక్కరూ లేనివాళ్ల కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉద్యోగాలు దొరకడం లేదు కాబట్టి బోర్డు పెట్టేద్దాం అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. బోర్డు ఈ నెల నుంచే ఇంటి ఖర్చు గడిపే పని కాదు. అలాగని ఏళ్ల తరబడి భయపడుతూ వాయిదా వేయాల్సిన పనీ కాదు. ముందు ఏ కోర్టులో ఉంటారో తేల్చుకోండి. తరవాత ఆ కోర్టులో మీరు సందేహం అడగగలిగే పెద్దమనిషిని వెతుక్కోండి. బోర్డు సంగతి ఆ తరవాత. చాలామంది మేకులు కొట్టడంతో మొదలుపెడతారు.

ఉద్యోగం సంగతి

పెద్ద లా ఫర్ములు క్యాంపస్‌కు వచ్చేది హైదరాబాదు నల్సార్ లా యూనివర్సిటీ లాంటి కొద్ది చోట్లకే. లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాసి జిల్లా కాలేజీల్లో చదివినవాళ్ల దగ్గరకు ఎవరూ రారు, వాళ్లే వెతుక్కుంటూ పోవాలి. ఒకప్పుడు కొత్తవాళ్లకు ఇచ్చే కాంట్రాక్టులు చదివే పని ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కొత్త లా కాలేజీలకు మూడేళ్లు అనుమతులు ఆపేసింది. దానివల్ల ఇప్పటికే బయటికి వచ్చినవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

అయినా మీకు చదువు అప్పు ఉండి, ఇంట్లో సంపాదించే మనిషి లేకపోతే, దొరికిన ఉద్యోగంలో చేరండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం తెలిసి చేరండి. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది ప్రాక్టీసు చేసే లాయరు పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదంటుంది. చేరగానే బార్ కౌన్సిల్‌కు రాసి సనదు, అంటే లాయరుగా పనిచేసే అనుమతి, సస్పెండ్ చేయించుకోవాలి. ఆ ఏళ్లు ప్రాక్టీసు కింద లెక్కకు రావు. సనదు అలాగే ఉంచుకుని పగలు కంపెనీలో, శనివారం కోర్టులో అని నడిపించేవాళ్లు ఉన్నారు. ఏదో ఒకనాడు ఎదుటి పార్టీ ఫిర్యాదు చేస్తే రెండూ పోతాయి.

జడ్జి పరీక్ష రాద్దామనుకునేవాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును తిరిగి తెచ్చింది. ప్రొవిజనల్‌గా (తాత్కాలికంగా) ఎన్‌రోల్ అయిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. పదేళ్ల అనుభవం ఉన్న లాయరు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. కోచింగ్ హాస్టల్లో మూడేళ్లు పుస్తకాలతో గడిపి నేరుగా పరీక్షకు కూర్చునే దారి దీంతో మూసుకుపోయింది. ఎవరి దగ్గర చేరాలి, ఏ కోర్టులో కనిపించాలి అన్న ప్రశ్న జడ్జి కావాలనుకునేవాళ్లకూ తప్పదు. ఆలిండియా బార్ పరీక్ష ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోపు పాసవ్వాలన్నది కూడా గుర్తుంచుకోండి. దాన్ని తేలిగ్గా తీసుకుని ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

ఏ కోర్టు?

ఇది అసలు ప్రశ్న, దీని మీద ఎవరూ గట్టిగా ఆలోచించరు. స్నేహితులు ఎటు పోతే అటు పోతారు.

హైకోర్టు మోజు చాలామందికి ఉంటుంది. తెలంగాణది మూసీ ఒడ్డున, ఆంధ్రప్రదేశ్‌ది అమరావతిలో నేలపాడు దగ్గర. అక్కడి పని ఎక్కువగా రాత పని: రిట్లు, అప్పీళ్లు, బెయిళ్లు. భూమి నిషేధిత జాబితాలో పెట్టారనో, మ్యుటేషన్ చేయడం లేదనో వేసే రిట్లు రోజూ ఉంటాయి. డ్రాఫ్టింగ్ బాగా వస్తే పేరు త్వరగా వస్తుంది. కాని హైకోర్టుకు పార్టీ నేరుగా రావడం తక్కువ. కింది కోర్టు లాయరు "ఫలానావాళ్ల దగ్గరికి వెళ్లండి" అని పంపిస్తే వస్తారు. జిల్లాల్లో మీకు తెలిసిన లాయర్లు పది మంది లేకుండా హైకోర్టులో సొంతంగా కూర్చుంటే కేసు ఎటువైపు నుంచి వస్తుంది? పైగా రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం అక్కడంతా ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లలు రెండేళ్లలో అందుకుంటారు, కాదనను. ఆ రెండేళ్లు ఎవరో ఒకరి గొడుగు కింద గడవాలి.

నాంపల్లి క్రిమినల్ కోర్టులు, ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులు, సికింద్రాబాద్, కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి: నగరంలో కేసులకు కొదవ లేదు. లాయర్లకూ కొదవ లేదు. పొద్దున ఒక కోర్టులో, పదకొండున్నరకు ఇంకో కోర్టులో ఉండాలంటే రోజు రోడ్డు మీదే అయిపోతుంది. నగరంలో ఒక మేలు ఉంది: ఒక్క రకం పని పట్టుకుని బతకొచ్చు. వినియోగదారుల కేసులు, రెరా (రియల్ ఎస్టేట్ తగాదాలు), కుటుంబ కోర్టు, ఏదో ఒకటి. చిన్న ఊళ్లో అది కుదరదు, వచ్చినదల్లా చేయాలి.

డివిజన్ స్థాయి కోర్టు, అంటే తెనాలి, నరసరావుపేట, మిర్యాలగూడ లాంటి చోట్లు, మొదటి తరం లాయరుకు మంచివని నా నమ్మకం. మున్సిఫ్ కోర్టు నుంచి అదనపు జిల్లా కోర్టు దాకా ఒకే ఆవరణలో ఉంటాయి. పొద్దున ఇంజంక్షన్ వాదన, మధ్యాహ్నం ఎవరిదో హత్య కేసులో క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం), రెండూ ఒకే రోజు వినొచ్చు. సాక్షి తెలుగులోనే చెబుతాడు, మీరూ తెలుగులోనే అడుగుతారు. ఊరి యాస, పొలం గట్టు లెక్క, అడంగల్లో పేరు ఎందుకు మారిందో తెలిసిన మనిషికి క్రాస్‌లో అది పనికొస్తుంది. పుస్తకం చదివి తెచ్చుకునేది కాదు. పార్టీ కూడా బస్సు దిగి నేరుగా మీ దగ్గరికే వస్తాడు. ఫీజులు తక్కువే. ఖర్చులూ తక్కువే.

మీ సొంత మండలం కోర్టులోనే కూర్చోవాలా? నేనైతే కాస్త పక్కకు జరగమంటాను. సొంత ఊరి కోర్టులో మొదటి పది కేసులూ చుట్టాలవే, ఫీజు అడగలేరు. పోనీ అని ఒక పిన్ని కేసు ఒప్పుకుంటే ఇంకో బాబాయి ఎదుటి పార్టీ అవుతాడు. ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉంటే పరిచయాలు అందుతాయి, మొహమాటం తగ్గుతుంది.

సీనియర్ ఆఫీసు: బోర్డు పెద్దదైతే చాలదు

నా రెండున్నరేళ్ల సంగతి చెబుతాను. హైదరాబాదులో నేను చేరిన ఆఫీసులో మేం తొమ్మిది మంది జూనియర్లం. నా పని కాల్ వర్క్. పొద్దున పదింటికి నాలుగు కోర్టుల లిస్టులు చేతిలో పెట్టేవారు. పిలిచినప్పుడు లేచి "సీనియర్ వేరే కోర్టులో ఉన్నారు, టైమ్ ప్లీజ్" అనడం, వాయిదా తేదీ డైరీలో రాయడం. సాయంత్రం కాపీ అప్లికేషన్లు, ఫైళ్లు కుట్టడం. మగపిల్లల్ని అప్పుడప్పుడూ క్రాస్‌కు నిలబెట్టేవారు. మమ్మల్ని ఇద్దరమ్మాయిల్ని ఆఫీసు చూసుకోమనేవారు. బయటికొచ్చిన రోజు లెక్క చూసుకుంటే నా పేరున ఒక్క వకాలత్ (పార్టీ తన తరఫున వాదించమని లాయరుకు రాసిచ్చే కాగితం) కూడా లేదు. ఒక్క సాక్షిని కూడా నేను ప్రశ్న అడగలేదు. ఆ పెద్దాయన చెడ్డవారు కారు, చదువున్నవారు. ఆ ఆఫీసు జూనియర్లను తయారు చేయడానికి పెట్టినది కాదు, అంతే. అది తెలుసుకోవడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది, మీకు రెండు వారాలు చాలు.

ఎలా? చేరే ముందు ఆ సీనియర్‌ను కోర్టులో చూడండి. కాజ్ లిస్టు, అంటే ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా, ఈ-కోర్ట్స్ యాప్‌లో అందరికీ కనిపిస్తుంది. ఆయన పేరున్న ట్రయల్ కేసు ఏ రోజు ఉందో చూసుకుని వెనక బెంచీలో కూర్చోండి. ఆయనే క్రాస్ చేస్తున్నారా, వాయిదాలతోనే నడిపిస్తున్నారా? పక్కన ఉన్న జూనియర్ చేతిలో నోట్స్ ఉన్నాయా, ఒట్టి ఫైలే ఉందా? గతంలో ఆయన దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడగండి. ఇద్దరు ముగ్గురు సొంతంగా నిలదొక్కుకుని ఉంటే ఆ ఆఫీసు మంచిదే. ఆడపిల్లలైతే ఇంకోటి చూడండి: అక్కడ పనిచేసే అమ్మాయిలు వాదిస్తున్నారా, ఫైళ్లు మోస్తున్నారా?

డబ్బు మాట అడగడానికి సిగ్గుపడకండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు స్టైపెండ్ ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సూచనే గాని శాసనం కాదు. చిన్న కోర్టుల్లో అంత ఇవ్వగలిగేవాళ్లు తక్కువ. అయినా ఆ అంకెను మర్యాదగా గుర్తుచేస్తే కనీసం బస్సు ఛార్జీల స్థాయి దాటి మాట్లాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జూనియర్ లాయర్లకు నెలకు 5,000 ఇచ్చే పథకం వచ్చింది. ఆ డబ్బుతో నిలబడ్డ పిల్లలు నాకు తెలుసు. కాని ప్రభుత్వం ఇచ్చే డబ్బు మీద నెల బడ్జెట్ వేసుకోకండి, వస్తే అదనం అనుకోండి.

వెంటనే సొంత బోర్డు పెడితే

కొత్త బోర్డు దగ్గరికి వచ్చే పని దాదాపు అందరికీ ఒకటే: చెక్ బౌన్స్ నోటీసులు, పరస్పర అంగీకార విడాకులు, మనోవర్తి, వారసత్వ సర్టిఫికెట్, ప్రామిసరీ నోటు దావాలు, యాక్సిడెంటు క్లెయిములు, అఫిడవిట్లు. చూడటానికి చిన్నవే, గడువులు మాత్రం కత్తుల్లాంటివి.

నా మొదటి సొంత కేసు ఒక పాల వ్యాపారిది. 1,40,000 రూపాయల చెక్కు తిరిగొచ్చింది. బ్యాంకు మెమో చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టుకుని తెచ్చాడు. తేదీ చూస్తే ఇరవై తొమ్మిదో రోజు. మెమో అందిన ముప్ఫై రోజుల్లోపు నోటీసు పంపాలి, అది అందాక పదిహేను రోజులు ఎదుటివాళ్లకు టైమిచ్చి, ఆ తరవాత నెలలోపు కంప్లయింటు వేయాలి. ఆ రోజు శనివారం. కోర్టు ఎదురుగా జాబ్ టైపింగ్ షాపులో కూర్చుని గబగబా చెబుతుంటే ఆయన టైపు చేశాడు. వడ్డీ కూడా వసూలు చేద్దామని 1,52,000 చెల్లించమని రాయించాను. కాగితం తీసుకుని పోస్టాఫీసుకు పరుగెత్తబోతుంటే, పక్క బల్ల మీద టీ తాగుతున్న ఒక పెద్దాయన చేయి చాచారు. చదివి, "అమ్మాయ్, చెక్కు ఎంతకి?" అన్నారు. చెప్పాను. "మరి నోటీసు ఎంతకి?" అన్నారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. నోటీసులో అడగాల్సినది చెక్కు మొత్తం. వడ్డీ, ఖర్చులు కావాలంటే విడిగా చూపించాలి, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే కేసు అక్కడితో సరి. ఆయన తన పెన్నుతోనే దిద్దారు. రెండోసారి టైపు చేయించి, పోస్టాఫీసు కిటికీ మూసే వేళకు అందుకున్నాం. రసీదు మీద ముద్ర పడ్డ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: నోటీసులో అంకె చెక్కు అంకెతో తు.చ. తప్పకుండా సరిపోవాలి, టైపు పొరపాటు అన్నా కుదరదు. అన్నట్టు, ఆ ఏడాదే రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పాత నమూనా నోటీసులు వాడేవాళ్లు ఆ పంక్తి మార్చుకోండి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ పెద్దాయన అక్కడ లేకపోతే ఆ పాలాయన లక్షా నలభై వేలు నా వల్ల పోయేవి. ఇంటి వీధి గదిలో ఒక్కరే బోర్డు పెట్టుకుని కూర్చుంటే ఆ చేయి చాచే మనిషి ఉండడు. సొంత బోర్డు పెట్టడానికి ఇన్నేళ్ల అనుభవం ఉండాలని నేను అనను. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా చెప్పే మనుషులు ఇద్దరు ఉండాలి, అంతే. ఆ ఇద్దరూ ఉంటే ఏడాదికే పెట్టేయండి. లేకపోతే ఐదేళ్లయినా తొందరే.

కొత్తవాళ్లకు ఇప్పుడున్న ఒక మంచి అవకాశం గురించి చెప్పాలి. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ చట్టాలు మూడూ మారిపోయాయి. సీనియర్ల నోట 420 అనే వస్తుంది, మోసం కేసుల ఆ సెక్షన్ ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) 318(4). గతంలో ఏ నేరానికీ శిక్ష పడకుండా, విచారణ ఖైదీగా జైల్లో ఉన్న ముద్దాయి, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిపితే విడుదలకు అర్హుడని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479 అంటుంది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే కేసులకు అది వర్తించదు, మీద వేరే కేసులున్నా కష్టమే. ఇవి కంఠతా వచ్చిన జూనియర్‌ను సీనియర్లే పిలిచి అడుగుతున్నారు. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే నడుస్తుంది కాబట్టి రెండూ తెలిసి ఉండాలి.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే గది తీసుకోవడం గురించి క్లుప్తంగా: మంచి పద్ధతే. ఒకరు సివిల్, ఒకరు క్రిమినల్ చూసుకుంటే ఇంకా మంచిది, ఒకరు ఊళ్లో లేకపోయినా వాయిదా నడుస్తుంది. అద్దె, కరెంటు, గుమాస్తా జీతం పంచుకోండి. ఫీజులు పంచుకోకండి, కనీసం మొదటి రెండేళ్లు. స్నేహాలు చెడేది అక్కడే.

లీగల్ ఎయిడ్: ఎవరూ చెప్పని దారి

2022లో నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో జిల్లా స్థాయిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని మూడు అంచెలు ఉన్నాయి. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్ల అనుభవం కావాలి. అసిస్టెంటుకు మూడేళ్లలోపువాళ్లనే తీసుకుంటారు. నెల నెలా గౌరవ వేతనం ఉంటుంది. పని ముద్దాయిల తరఫున: రిమాండు, బెయిలు, ట్రయలు, అప్పీలు. జైలుకు వెళ్లి ఖైదీలతో మాట్లాడాలి. నేను హైదరాబాదులో రెండున్నరేళ్లలో చూడనిది అక్కడి జూనియర్ కొద్ది నెలల్లో చేతులతో చేస్తాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. కాంట్రాక్టు పని. సొంత కేసులు తీసుకోకూడదు. సివిల్ పని అంటదు. బయటికొచ్చాక మీ వెంట వచ్చే పార్టీలు తక్కువ, ఎందుకంటే అప్పటిదాకా మీ పార్టీలంతా ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు. అయినా తెలిసినవాళ్లు లేని పిల్లలకు, క్రిమినల్ అంటే ఇష్టమున్నవాళ్లకు, జీతం వస్తూ పని నేర్చుకునే చోటు ఇంతకంటే మంచిది నాకు కనిపించడం లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్లు జిల్లా కోర్టు వెబ్‌సైట్‌లో పెడతారు, వారానికోసారి చూస్తూ ఉండండి. ప్యానెల్ లాయరుగా చేరడం వేరు. దానికి మూడేళ్ల అనుభవం అడుగుతారు, సొంత ప్రాక్టీసు మాత్రం ఆపక్కర్లేదు.

డబ్బు, కట్టుబాట్లు

తెనాలి వచ్చిన కొత్తలో నేనొక రూళ్ల నోటుబుక్ పెట్టాను. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. మొదటి ఏడు నెలలు కుడివైపే బరువు. అద్దె, టైపింగు, జిరాక్సు, బార్ అసోసియేషన్ చందా, వకాలత్ మీద వెల్ఫేర్ స్టాంపులు, వాయిదా ఖర్చులు. ఎనిమిదో నెలలో రెండు వైపులా సమానమయ్యాయి. నా అనుభవం మీద చెబుతున్నాను: ఇంటి ఖర్చు, ఆఫీసు ఖర్చు కలిపి తొమ్మిది నెలలకు సరిపడా డబ్బు చేతిలో ఉంటేనే సొంత బోర్డు. అప్పు చేసి పెట్టకండి. అప్పు మీద కూర్చున్న లాయరు తీసుకోకూడని కేసు తీసుకుంటాడు, రాజీ పడాల్సిన కేసును సాగదీస్తాడు. పార్టీకి అది తెలిసిపోతుంది.

ఏసీ గది, గాజు బల్ల, బీరువా నిండా జర్నల్సు ఇప్పుడు అక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం. చట్టాలన్నీ ఇండియా కోడ్‌లో ఉన్నాయి. మంచి ప్రింటర్ కొనుక్కోండి, తెలుగు టైపు మీరే నేర్చుకోండి. టైపింగ్ షాపులో అనూ ఫాంటులో చేసిచ్చినది మీ ఫోనులో తెరుచుకోదు, దిద్దుకోవడానికి మళ్లీ అక్కడికే పోవాలి. యూనికోడ్‌లో చేసుకుంటే దావా రాత్రి పదింటికైనా సరిచేసుకోవచ్చు.

పార్టీలను తెచ్చుకోవడానికి ప్రకటనలు ఇవ్వకూడదు. బార్ కౌన్సిల్ 36వ నియమం అది. 2008 నుంచి పేరు, చిరునామా, చదువు, ఏ రకం పని చేస్తారు అన్న వివరాలతో వెబ్‌సైట్ పెట్టుకోవచ్చు, అంతకు మించి కాదు. "మా దగ్గరికి రండి, గెలిపిస్తాం" అని రీల్స్ చేసే పిల్లలను చూస్తే బాధేస్తుంది. ఒక్క ఫిర్యాదుతో క్రమశిక్షణ కమిటీ ముందు నిలబడాలి.

యాక్సిడెంటు కేసుల్లో "వచ్చినదాంట్లో ఇంత శాతం" అని మాట్లాడుకోవడం చాలాచోట్ల మామూలైపోయింది. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం 20వ నియమం ప్రకారం తప్పు. కాళ్లు పోగొట్టుకున్న మనిషి పరిహారంలో వాటా అడగడం ఎంత మామూలైనా తప్పే. ఫీజు ముందే విడతలుగా మాట్లాడుకోండి: దాఖలుకు ఇంత, సాక్ష్యానికి ఇంత, వాదనకు ఇంత. రసీదు ఇవ్వండి. ఖర్చులకిచ్చిన డబ్బు వేరే పేజీలో రాయండి. ఫీజు బాకీ ఉందని ఫైలు అట్టిపెట్టుకోకండి, లాయరుకు ఆ హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ఎవరికి ఏది

అప్పులు, ఇంటి భారం ఉన్నవాళ్లకు ఉద్యోగం లేదా డిఫెన్స్ కౌన్సిల్. రెండూ దొరికితే రెండోదే తీసుకోండి, ప్రాక్టీసు లెక్క తెగిపోదు.

జడ్జి పరీక్ష లక్ష్యమైతే డివిజన్ కోర్టులో సివిల్ ట్రయల్స్ చేసే సీనియర్. సాయంత్రాలు చదువుకోవడానికి వదిలేసే మనిషి అయి ఉండాలి, అది ముందే మాట్లాడుకోండి.

బ్యాంకులో, రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాక లా చదివినవాళ్లు నేరుగా బోర్డు పెట్టొచ్చు. పెన్షన్ ఉంది, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, పహాణీలు చదవడం వచ్చు. తెలంగాణలో భూమి రికార్డుల ధరణి పోయి 2025లో భూభారతి వచ్చాక ఆ అనుభవానికి గిరాకీ పెరిగింది. ట్రయల్ పని మాత్రం ఇంకొకరికి అప్పగించడం మేలు.

పిల్లలు పుట్టి మూడు నాలుగేళ్లు ఆగి మళ్లీ వచ్చే ఆడవాళ్లకు గది పంచుకునే పద్ధతి బాగుంటుంది. బడి నుంచి ఫోను వచ్చిన రోజు వాయిదా చూసుకునే మనిషి పక్కన ఉంటుంది. నేనూ అలాగే గడిపాను.

ఇక క్యాంటీన్ దగ్గర అడిగిన అమ్మాయికి. నీకు అప్పు లేదు, ఇల్లుంది, నాన్నగారి అండ ఉంది. కాబట్టి ఆ సీనియర్ దగ్గర రెండేళ్లు చేరు. నాన్నగారి గది వృథా కాదు. సీనియర్‌కు చెప్పి, సాయంత్రాలు అక్కడ నోటీసులు, అఫిడవిట్లు, దస్తావేజులు చూడు, పేరు ఊళ్లోకి పోతుంది. రెండో ఏడాది చివరికి నీ పేరున పది వకాలత్‌లు, నువ్వు సొంతంగా క్రాస్ చేసిన సాక్షులు ఐదుగురు ఉంటే పూర్తిగా ఆ గదిలోకి మారిపో. లేకపోతే ఆఫీసు మారు. రేపు ఆయన్ని కలిసినప్పుడు స్టైపెండ్ కంటే ముందు ఒకటి అడుగు: "సార్, వకాలత్‌లో మీ పేరు కింద నా పేరు వేస్తారా?" కుదరదంటే దిగులు పడకు. మూడో కోర్టు హాలు పక్కన నా బల్ల ఉంది. శుక్రవారం నాలుగు తరవాత రా, ఇంకో ఇద్దరి దగ్గరికి నేనే తీసుకెళ్తాను.